మాత్రలో ఏముందని అడిగిన డాక్టర్: కల్నల్ రామ్‌నాథ్ చోప్రా జీవితం

తలనొప్పి వస్తే మనలో చాలామంది డాక్టర్ దగ్గరకు వెళ్లరు. మందుల షాపుకు వెళ్లి, షాపతను ఇచ్చిన మాత్ర వేసుకుంటారు. ఒకరు డోలో అంటారు, ఇంకొకరు సారిడాన్ అంటారు, మరొకరు కాంబిఫ్లామ్ అంటారు. తమకు పనిచేసిన దాన్ని పక్కవాళ్లకు కూడా చెబుతారు. వీటిలో ఏది మేలన్న వాదన ఇంట్లోనూ, ఆఫీసులోనూ ఎప్పుడూ ఉండేదే.

అయితే ఆ వాదన కంటే ముందు తేలాల్సిన విషయం ఒకటుంది. అట్ట మీద రాసిన మందు ఆ మాత్రలో నిజంగా ఉందా? రాసినంత ఉందా? ఇవి తేలకుండా రెండు మాత్రలను పోల్చడం కుదరదు. వందేళ్ల కిందట మన దేశంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పే కేంద్ర చట్టం లేదు. మందుల్ని పరీక్షించి ప్రమాణం తేల్చే కేంద్ర ల్యాబ్ కూడా లేదు. ఆ రెండూ రావడం వెనుక ఉన్న ముఖ్యమైన వ్యక్తి కల్నల్ సర్ రామ్‌నాథ్ చోప్రా. భారత ఫార్మకాలజీ పితామహుడని ఆయన్ని వైద్య విద్యార్థులకు పరిచయం చేస్తారు. మిగతావాళ్లలో ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవాళ్లకు హౌరాకు ముందు చివరగా వచ్చే స్టేషన్ టికియాపారా. రైలు అక్కడ ఆగదు కాబట్టి చాలామంది ఆ పేరు గమనించరు. రైల్వే కార్‌షెడ్, బెలిలియస్ రోడ్డు చుట్టుపక్కల లేత్ మిషన్లు, చిన్న చిన్న ఫౌండ్రీలు, ఇరుకైన ఇళ్లు. చప్పుడు, వేడి, షిఫ్టు డ్యూటీలు, చాలని నిద్ర ఉన్నచోట తలనొప్పికి కొదవ ఉండదు. అక్కడి నుంచి హుగ్లీ నది దాటి సెంట్రల్ కోల్‌కతాకు వెళ్తే చిత్తరంజన్ అవెన్యూలో స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ కనిపిస్తుంది. టికియాపారా కార్మికుడు ఈ రోజు వేసుకునే మాత్ర మీద ఉండే లెక్కలకీ, ఆ సంస్థలో చోప్రా గడిపిన ఇరవై ఏళ్లకీ నేరుగా సంబంధం ఉంది.

గుజ్రన్‌వాలా నుంచి కేంబ్రిడ్జికి

చోప్రా 1882 ఆగస్టు 17న పంజాబ్‌లోని గుజ్రన్‌వాలాలో పుట్టారు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో చదివి, ఆ తర్వాత ఇంగ్లండ్ వెళ్లి కేంబ్రిడ్జిలోని డౌనింగ్ కాలేజీలో చేరారు. అక్కడే వైద్యవిద్య పూర్తిచేశారు.

ఆ రోజుల్లో మందుల గురించి వైద్య విద్యార్థులకు చెప్పే పాఠం వేరుగా ఉండేది. ఫలానా జబ్బుకు ఫలానా మందు, ఇంత మోతాదు అని పెద్ద జాబితాలు కంఠస్థం చేయాలి. ఆ మందు శరీరంలోకి వెళ్లి ఏం చేస్తుందో పెద్దగా ఎవరూ అడిగేవారు కాదు. కేంబ్రిడ్జిలో వాల్టర్ డిక్సన్ అనే శాస్త్రవేత్త ఆ ప్రశ్ననే ప్రయోగశాలలోకి తెచ్చారు. గుండె మీద, రక్తనాళాల మీద, కండరాల మీద ఒక్కో మందు ప్రభావాన్ని విడివిడిగా కొలిచేవారు. చోప్రా ఆయన దగ్గర పనిచేశారు. నమ్మకం ఆధారంగా ఇచ్చే మందుకీ, కొలిచి ఇచ్చే మందుకీ ఉన్న తేడా ఆయనకు అక్కడే తెలిసివచ్చింది.

తలనొప్పి మందుల చరిత్రలో కూడా అది కీలకమైన కాలం. జర్మనీలోని బేయర్ కంపెనీ 1899లో ఆస్పిరిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అంతకుముందే ఫెనాసిటిన్ వచ్చింది. అమిడోపైరిన్ కూడా ఆ దశాబ్దం ప్రాంతంలోనే వచ్చింది. తలనొప్పికీ, జ్వరానికీ ఈ మూడూ ప్రపంచమంతా అమ్ముడుపోయాయి. వీటిలో ఏది ఎంత మేలు, ఏది ఎవరికి ప్రమాదం అని పక్కపక్కన పెట్టి పోల్చే పద్ధతి ఇంకా రాలేదు. దాని ఫలితం తర్వాత తెలిసింది. అమిడోపైరిన్ వాడిన కొందరిలో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతున్నాయని 1930ల మొదట్లో గుర్తించారు. ఫెనాసిటిన్ ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయని తేలి, చాలా దేశాలు దాన్ని మానేశాయి. మూడింటిలో ఈ రోజుకీ తలనొప్పికి మిగిలింది ఆస్పిరిన్ ఒక్కటే. ఈ రోజు ఎక్కువగా వాడే పారాసిటమాల్ ఫెనాసిటిన్ నుంచి శరీరంలో తయారయ్యే పదార్థమే. నొప్పి తగ్గించే పని నిజానికి అదే చేస్తోందని 1948లో అమెరికా పరిశోధకులు చూపించారు.

యుద్ధం నేర్పిన పాఠం

చోప్రా 1908లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరారు. అప్పట్లో భారతీయులకు ఆ సర్వీస్‌లో చోటు దొరకడం అంత తేలిక కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో పనిచేశారు. 1919లో అఫ్గాన్ యుద్ధానికీ వెళ్లారు.

ఆ యుద్ధ కాలంలో మందుల విషయంలో మన దేశం బలహీనత బయటపడింది. అప్పటికి మంచి మందుల్లో ఎక్కువ భాగం విదేశాల నుంచే వచ్చేవి. ముఖ్యంగా రసాయన మందులకు జర్మనీయే ఆధారం. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. ధరలు పెరిగాయి. కలకత్తాలో ప్రఫుల్ల చంద్ర రే స్థాపించిన బెంగాల్ కెమికల్స్ లాంటి స్వదేశీ సంస్థలు కొంత లోటు తీర్చాయి. యుద్ధం అయిపోయాక దిగుమతులు మళ్లీ మొదలయ్యాయి. వాటితో పాటు నాసిరకం మందులు, కల్తీ మందులు, పాతబడి శక్తి పోయిన మందులు కూడా మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. ఇతర దేశాల్లో చట్టాలు బిగుస్తుండడంతో అక్కడ అమ్ముడుపోనివి ఇక్కడికి చేరేవి.

1921లో చోప్రా కలకత్తా చేరారు. సర్ లియోనార్డ్ రోజర్స్ ఎంతో పట్టుబట్టి సాధించిన స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ అప్పుడే పని మొదలుపెట్టింది. అందులో మొదటి ఫార్మకాలజీ ప్రొఫెసర్ చోప్రా. మన దేశంలో ఆ శాస్త్రానికి అంతకుముందు చెప్పుకోదగ్గ ప్రయోగశాల లేదు. పరికరాలు, మనుషులు, పద్ధతులు అన్నీ ఆయనే కూర్చుకోవాల్సి వచ్చింది.

గలిజేరు, పాలకొడిసె, సర్పగంధ

అప్పటికి స్వదేశీ మందుల మీద రెండు అభిప్రాయాలు గట్టిగా ఉండేవి. మన పెద్దలు చెప్పిన మందులన్నీ గొప్పవేనని ఒక వర్గం. అవన్నీ మూఢనమ్మకాలని ఇంకో వర్గం. రెండు వర్గాలూ పరీక్షించకుండానే తీర్పు ఇచ్చేవి. చోప్రా ఈ రెండింటికీ దూరంగా ఉండి ఒక క్రమం పెట్టుకున్నారు.

మొదట ఆ మొక్క అసలుదేనా అని చూడాలి. ఒకే పేరుతో నాలుగు రకాల వేర్లు అమ్మే బజారు మనది. తర్వాత అందులోని రసాయనాన్ని వేరుచేయాలి. ఆ రసాయనం జంతువుల మీద ఏ ప్రభావం చూపిస్తోందో కొలవాలి. చివరగా రోగుల మీద చూడాలి. స్కూల్‌కు అనుబంధంగా ఉన్న కార్మైకేల్ ఆస్పత్రి ఈ చివరి మెట్టుకు ఉపయోగపడింది. ఒకే ఆవరణలో రసాయన శాస్త్రవేత్త, ఫార్మకాలజిస్టు, డాక్టరు కలిసి పనిచేయడం అప్పట్లో కొత్త సంగతి.

ఈ క్రమంలో మన ఊళ్లలో కనిపించే మొక్కలే ఆయన బల్ల మీదకు వచ్చాయి. గలిజేరుకు మూత్రం జారీ చేసే గుణం ఎంతుందో చూశారు. పాలకొడిసె చెక్క అమీబిక్ విరేచనాలకు ఎంతవరకు పనికొస్తుందో పరిశీలించారు. బావంచాల గింజల్ని బొల్లి మచ్చల విషయంలో పరీక్షించారు. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని ఆయన బృందం 1933లో వివరంగా నమోదు చేసింది. 1931లోనే గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని గురించి రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ మీద తన అనుభవాన్ని బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం దృష్టి దాని మీద పడింది. 1952లో దాని నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. బీపీకి వాడిన తొలి ఆధునిక మందుల్లో అదొకటి.

కొన్ని మొక్కలు పరీక్షలో నిలిచాయి, చాలా నిలవలేదు. పనిచేయలేదని తేలిన వాటిని కూడా చోప్రా రాసిపెట్టారు. 1933లో వచ్చిన ఆయన పుస్తకం ‘ఇండిజినస్ డ్రగ్స్ ఆఫ్ ఇండియా’ ఈ రంగంలో చాలాకాలం ప్రామాణిక గ్రంథంగా నిలిచింది.

పేదవాడి నొప్పి మాత్ర నల్లమందు

నొప్పి నివారణ గురించి చోప్రా చేసిన పనిలో నల్లమందు అధ్యయనం ముఖ్యమైనది. ఆస్పిరిన్ పట్నాల్లో డబ్బున్నవాళ్లకు దొరికేది. కూలీలకు, రైతులకు, మిల్లు కార్మికులకు అందుబాటులో ఉన్న నొప్పి మందు నల్లమందే. ఒళ్లు నొప్పులకు, దగ్గుకు, విరేచనాలకు, మన్యం జ్వరాలకు అందరూ అదే వాడేవారు. పనికి వెళ్లే తల్లులు పసిపిల్లల్ని నిద్రపుచ్చడానికి కూడా పెట్టేవారు.

వైద్య అవసరాలకు 10,000 మందికి ఏడాదికి 6 సేర్ల నల్లమందు సరిపోతుందని లీగ్ ఆఫ్ నేషన్స్ లెక్కగట్టింది. కలకత్తాలో వాడకం అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి, విశాఖ ప్రాంతాలు కూడా వాడకం ఎక్కువున్న చోట్లుగా పేరుపడ్డాయి.

చోప్రా ఈ అలవాటును నీతి సమస్యగా చూసి వదిలేయలేదు. వాడేవాళ్లను కలిసి, ఎందుకు మొదలుపెట్టారు, ఎంత తీసుకుంటున్నారు, ఆరోగ్యం ఎలా ఉంది అని సమాచారం సేకరించారు. చాలామంది ఏదో ఒక నొప్పికో, జబ్బుకో మందుగా మొదలుపెట్టి దానికి అలవాటుపడ్డారని ఆయన పరిశీలనల్లో తేలింది. నొప్పి తగ్గించే మందే కొత్త జబ్బు తెచ్చిపెడుతుందన్న సంగతి అప్పుడే అర్థమైంది. ఈ కాలపు తలనొప్పి మాత్రల్లోనూ, మత్తు లేకపోయినా, దీనికి దగ్గరి పోలిక ఒకటుంది. దాని గురించి ముందుకెళ్లాక చూద్దాం.

మందుల షాపులో ఏం అమ్ముతున్నారు?

1927లో ఢిల్లీలోని కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో మందుల కల్తీ మీద ఒక తీర్మానం వచ్చింది. కల్తీ మందుల మీద ప్రభుత్వం చర్య తీసుకోవాలన్నది దాని సారాంశం. మూడేళ్ల తర్వాత, 1930 ఆగస్టులో, ప్రభుత్వం డ్రగ్స్ ఎంక్వైరీ కమిటీని వేసింది. దానికి చైర్మన్ చోప్రా. అందుకే దాన్ని చోప్రా కమిటీ అని కూడా అంటారు.

కమిటీ దేశమంతా తిరిగింది. డాక్టర్లను, వ్యాపారులను, తయారీదారులను, అధికారులను ప్రశ్నించింది. బయటపడిన పరిస్థితి భయం కలిగించేది. మలేరియాతో ఏటా లక్షలమంది చనిపోతున్న దేశంలో క్వినైన్ మాత్రల్లో రాసినంత క్వినైన్ ఉండేది కాదు. జ్వరం తగ్గకపోతే జనం తమ కర్మ అనుకునేవారు, లేకపోతే మందు పనిచేయదనుకునేవారు. తప్పు మాత్రలో ఉందని వాళ్లకు తెలిసే దారి లేదు.

శిక్షాస్మృతిలో మందుల కల్తీ మీద కొన్ని సెక్షన్లు ఉన్నాయి. విషాల మీద, నల్లమందు మీద వేరే చట్టాలున్నాయి. కానీ ఒక మందు ఎంత స్వచ్ఛంగా ఉండాలి, ఎవరు తయారు చేయాలి, ఎవరు అమ్మాలి, ఎవరు పరీక్షించాలి అని చెప్పే చట్టం లేదు. మందుల షాపు పెట్టడానికి ఏ చదువూ అవసరం లేదు. డాక్టర్ రాసిన చీటీ చూసి మందు కలిపే వ్యక్తికి దాని గురించి ఏమీ తెలియకపోయినా అడిగేవాళ్లు లేరు.

1931లో కమిటీ నివేదిక ఇచ్చింది. దేశమంతటికీ వర్తించే మందుల చట్టం, కేంద్రంలోనూ ప్రాంతాల్లోనూ పరీక్షా ల్యాబ్‌లు, ఫార్మసిస్టులకు శిక్షణ, రిజిస్ట్రేషన్, మన దేశానికంటూ ఒక ఫార్మకోపియా కావాలని సిఫార్సు చేసింది. ఫార్మకోపియా అంటే ఒక్కో మందు ఎలా ఉండాలో, ఎలా పరీక్షించాలో చెప్పే ప్రమాణ గ్రంథం. ఈ రోజు మాత్రల అట్ట మీద మందు పేరు పక్కన కనిపించే ఐ.పి. అనే రెండక్షరాలు దాన్నే సూచిస్తాయి.

నివేదిక నుంచి చట్టం దాకా

నివేదిక ఇచ్చాక ప్రభుత్వం వెంటనే కదల్లేదు. చట్టం రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోగా 1932లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ ఫార్మసీ విద్యకు పునాది వేశారు. 1937లో కలకత్తాలో బయోకెమికల్ స్టాండర్డైజేషన్ ల్యాబొరేటరీ ఏర్పడింది. దాని బాధ్యత కూడా చోప్రాకే అప్పగించారు. చట్టం వస్తే దాన్ని అమలు చేయడానికి కొలిచే చేతులు ముందే సిద్ధంగా ఉండాలని ఈ ల్యాబ్ పెట్టారు. తర్వాతి కాలంలో అదే సెంట్రల్ డ్రగ్స్ ల్యాబొరేటరీ అయింది. కోల్‌కతా కిడ్ స్ట్రీట్‌లో ఈ రోజుకీ పనిచేస్తోంది.

1940 ఏప్రిల్‌లో డ్రగ్స్ యాక్ట్ వచ్చింది. 1945లో నిబంధనలు, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. 1946లో చోప్రా అధ్యక్షతన తయారైన ఇండియన్ ఫార్మకోపియల్ లిస్ట్ ప్రమాణాలకు తొలి అడుగు. 1955లో స్వతంత్ర భారతదేశపు తొలి ఇండియన్ ఫార్మకోపియా వెలువడింది. 1931లో రాసిన సిఫార్సులు ఇలా పాతికేళ్లలో ఒక్కొక్కటే రూపం తీసుకున్నాయి.

లోపాలు లేవని కాదు. దిగుమతుల మీద అధికారం కేంద్రానికి, తయారీ, అమ్మకాల మీద అధికారం ప్రాంతీయ ప్రభుత్వాలకు పంచారు. దానితో ఒక్కో చోట ఒక్కో తీరుగా అమలైంది. ఆ పంపకం వల్ల వచ్చే చిక్కులు ఇప్పటికీ ఉన్నాయి. ఆయుర్వేద, యునానీ మందులు మొదట్లో ఈ చట్టం కిందకు రాలేదు. 1964 సవరణతో వాటిని చేర్చారు.

జమ్మూలో రెండో ఇన్నింగ్స్

చోప్రా ఆ తర్వాత స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ డైరెక్టర్ కూడా అయ్యారు. 1941లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. ఆ ఏడాదే రిటైరయ్యారు. తర్వాత జమ్మూకశ్మీర్ వెళ్లి అక్కడి డ్రగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీని నడిపించారు. హిమాలయాల్లో దొరికే మందు మొక్కల మీద అక్కడ పని సాగింది. తర్వాత ఆ ల్యాబ్ సీఎస్ఐఆర్ సంస్థల్లో భాగమైంది.

స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో మరో బాధ్యత ఆయన మీద పడింది. స్వదేశీ వైద్య విధానాల భవిష్యత్తు మీద ప్రభుత్వం వేసిన కమిటీకి ఆయన్నే చైర్మన్‌గా పెట్టింది. 1948లో ఇచ్చిన నివేదికలో ఆయుర్వేదం, యునానీ, పాశ్చాత్య వైద్యం విడివిడిగా కాకుండా కలిసి సాగాలని, పరీక్షకు నిలిచినవన్నీ ఒకే వైద్యంలో భాగం కావాలని సూచించారు. ఇది ఎవరికీ నచ్చలేదు. సంప్రదాయ వైద్యుల్లో చాలామందికి తమ శాస్త్రం ఉనికి పోతుందన్న భయం. ఆధునిక డాక్టర్లలో చాలామందికి తమ స్థాయి తగ్గుతుందన్న అభ్యంతరం. ఆ సిఫార్సు అమలు కాలేదు. తర్వాత దేశం రెండు విధానాలనూ వేర్వేరు కాలేజీల్లో, వేర్వేరు శాఖల కింద నడిపే దారి ఎంచుకుంది. ఈ చర్చ ఇప్పటికీ ముగియలేదు.

చోప్రా 1973 జూన్ 13న 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ రోజు తలనొప్పికి ఏ మాత్ర?

చోప్రా తరం కొలిచే పద్ధతిని తెచ్చింది. ఆ తర్వాతి తరం పోల్చే పద్ధతిని తెచ్చింది. కొంతమందికి అసలు మాత్ర, కొంతమందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ డాక్టర్‌కీ తెలియదు. చివర్లో లెక్క తీస్తారు. ఇప్పుడు తలనొప్పి మాత్రల గురించి మనకు తెలిసిందంతా ఇలాంటి పరీక్షల నుంచి వచ్చిందే.

తలనొప్పుల్లో అందరికంటే ఎక్కువమందికి వచ్చేది టెన్షన్ తలనొప్పి. తల చుట్టూ పట్టీ బిగించినట్టుంటుంది. రెండు వైపులా ఉంటుంది. పార్శ్వపు నొప్పిలా వాంతులు రావు, పని పూర్తిగా ఆగిపోదు. 2016 నాటి అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 189 కోట్ల మందికి ఈ సమస్య ఉంది.

అప్పుడప్పుడూ వచ్చే ఈ నొప్పికి ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, నాప్రోక్సెన్, కీటోప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ పనిచేస్తాయని యూరప్ నాడీ వైద్యుల మార్గదర్శకాలు 2010లో చెప్పాయి. వీటిలో పారాసిటమాల్ తప్ప మిగతావన్నీ వాపు తగ్గించే గుణమున్న నొప్పి మందులే. ఇప్పుడు అంకెలు చూద్దాం. కాక్రేన్ సంస్థ సమీక్షల ప్రకారం 400 మిల్లీగ్రాముల ఇబుప్రోఫెన్ వేసుకున్న 100 మందిలో 23 మందికి రెండు గంటల్లో నొప్పి పూర్తిగా పోయింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 100 మందిలో 16 మందికి పోయింది. 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌తో 100 మందిలో 24 మందికి, దానితో పోల్చిన ఉత్తుత్తి మాత్రతో 19 మందికి తగ్గింది.

ఈ అంకెలు చాలామందిని ఆశ్చర్యపరుస్తాయి. మాత్ర వల్ల అదనంగా మేలు పొందినవాళ్లు వందలో ఐదు నుంచి ఏడుగురే. మిగతావాళ్లలో కొందరికి నొప్పి దానంతటదే పోయింది, కొందరికి కొంత తగ్గింది, కొందరికి తగ్గలేదు. నాకు ఈ మాత్రే పడుతుంది అని మనం నమ్మే చాలా సందర్భాల్లో ఆ నొప్పి మాత్ర లేకపోయినా పోయేదే కావచ్చు. పారాసిటమాల్ అంకెలు 1000 మిల్లీగ్రాముల మోతాదువి అన్నదీ గుర్తుంచుకోవాలి. మన షాపుల్లో ఎక్కువగా దొరికేవి 500, 650 మాత్రలు. అలాగని సొంతంగా మోతాదు పెంచుకోకూడదు. పారాసిటమాల్ ఎక్కువైతే లివర్ దెబ్బతింటుంది.

మేలులో తేడా చిన్నదైనప్పుడు హానిలో ఉండే తేడాకు విలువ పెరుగుతుంది. వాపు తగ్గించే మందులు కడుపులో పుండ్లు, రక్తస్రావం తెచ్చే ప్రమాదం ఉంది. మామూలు మోతాదులో ఇబుప్రోఫెన్‌తో ఈ ముప్పు మిగతావాటి కంటే తక్కువ. డైక్లోఫెనాక్‌తో గుండెకు ముప్పు ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లు, అల్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు వీటిని డాక్టర్‌ను అడక్కుండా వేసుకోకూడదు. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. కోల్‌కతాలోనైనా, హైదరాబాద్‌లోనైనా వానాకాలంలో ఇది తప్పక గుర్తుండాలి. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ అసలే వాడకూడదు. హానిని సరిగ్గా లెక్కపెట్టకపోతే ఏమవుతుందో రోఫెకాక్సిబ్ చూపించింది. కడుపుకు మేలని 1999లో వచ్చిన ఆ మందును గుండెపోటు ముప్పు బయటపడి 2004లో వెనక్కి తీసుకున్నారు.

ఇక ముందు చెప్పిన పోలిక. టెన్షన్ తలనొప్పికి మామూలు నొప్పి మాత్రల్ని నెలకు 15 రోజులు లేదా అంతకంటే ఎక్కువగా, మూడు నెలలకు పైగా వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయి. కెఫీన్ కలిపినవి, రెండు మూడు మందులు కలిపినవి అయితే ఆ హద్దు నెలకు 10 రోజులే. నొప్పి ఎక్కువైందని మాత్రలు పెంచుతారు. మాత్రలు పెరిగిన కొద్దీ నొప్పి మరింత తరచుగా వస్తుంది. నొప్పికి మొదలుపెట్టి నల్లమందుకు అలవాటుపడినవాళ్లలో చోప్రా చూసింది కూడా దాదాపు ఇలాంటి చక్రమే.

చట్టం ఉంది, పని మిగిలే ఉంది

మన మందుల చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. 1000 మందికి మించని జనాభా ఉన్న పల్లెల్లో ఆస్పిరిన్, పారాసిటమాల్ మాత్రల్ని లైసెన్సు లేని దుకాణంలో కూడా అమ్మవచ్చు. ఇబుప్రోఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ మాత్రం షెడ్యూల్ హెచ్ మందులు. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. టికియాపారాలోనైనా, విజయవాడలోనైనా మందుల షాపు ముందు ఐదు నిమిషాలు నిలబడితే ఈ నిబంధన ఎంతవరకు అమలవుతోందో తెలిసిపోతుంది.

తెలుగువాళ్లకు ఈ కథలో మరో పాత్ర కూడా ఉంది. ప్రపంచంలో నాప్రోక్సెన్ ముడి మందును అత్యధికంగా తయారు చేసే కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన దివీస్ ముందుంది. పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ తయారీలో గ్రాన్యూల్స్ ఇండియాది పెద్ద పేరు. చోప్రా కాలంలో ఆస్పిరిన్ కోసం జర్మనీ ఓడల వైపు చూసిన దేశం ఇప్పుడు అమెరికా, యూరప్ తలనొప్పులకు మాత్రలు పంపుతోంది. ఆ మార్పులో 1940 నాటి చట్టానికీ, ఫార్మసీ విద్యకూ, ప్రమాణ గ్రంథానికీ భాగం ఉంది.

అయినా కేంద్ర డ్రగ్స్ నియంత్రణ సంస్థ నెలనెలా ఇచ్చే జాబితాలో నాణ్యత లేని మందులు కనిపిస్తూనే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బయటికొచ్చిన జాబితాలో 50కి పైగా మందుల శాంపిళ్లు పరీక్షలో నిలవలేదు. అందులో పారాసిటమాల్ మాత్ర కూడా ఉంది. అలాంటి జాబితా వస్తోందంటే ఎవరో ఒకరు ఆ మాత్రను తీసుకెళ్లి కొలుస్తున్నారని అర్థం. 1930కి ముందు ఆ పని చేసేవాళ్లే లేరు. ఇప్పుడు ఉన్నా, దేశంలో తయారయ్యే మాత్రల సంఖ్యతో పోలిస్తే పరీక్షకు వెళ్లేవి చాలా తక్కువ. ల్యాబ్‌లు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు పెరగాలని చోప్రా కమిటీ తర్వాత వచ్చిన కమిటీలు కూడా చెబుతూ వచ్చాయి.

మందు కొనేవాళ్లు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మోతాదు చదవాలి. వేర్వేరు పేర్లతో ఉన్న రెండు మాత్రల్లో ఒకే మందు ఉంటే రెండూ కలిపి వేసుకోకూడదు. ఉదాహరణకు కాంబిఫ్లామ్‌లో ఇబుప్రోఫెన్‌తో పాటు పారాసిటమాల్ కూడా ఉంది. దాని మీద డోలో వేసుకుంటే పారాసిటమాల్ మోతాదు బాగా పెరిగిపోతుంది. బిల్లు అడగాలి. దాని మీద బ్యాచ్ నంబరు ఉండేలా చూసుకోవాలి. నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకున్నారో క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి. ఆ గుర్తులు పదికి చేరుతుంటే మాత్ర మార్చడం కంటే డాక్టర్‌ను కలవడం మంచిది.